కూటి బెంగ.. మనసుకు జబ్బు

మనసు బాగోలేకపోతే ముద్ద దిగదు. ఇది అందరికీ అనుభవమే. దీనికి రెండో వైపు గురించి మాత్రం మనం పెద్దగా మాట్లాడుకోం. ముద్ద దొరుకుతుందో లేదోనన్న బెంగ ఉంటే మనసూ బాగుండదు. రేపు కూర ఎలా, నెలాఖరు దాకా బియ్యం వస్తాయా, పిల్లాడు పాలు అడిగితే ఏం చెప్పాలి.. ఇలాంటి ఆలోచనలు రోజుల తరబడి వెంటాడితే ఆందోళన, కుంగుబాటు, నిద్రలేమి, చిరాకు, మతిమరుపు మొదలవుతాయి. ఇవి తరచూ గ్యాస్‌, నీరసం, గుండెదడ పేర్లతో ఆసుపత్రికి వస్తాయి. పరీక్షల్లో ఏమీ బయటపడకపోవచ్చు. మందుల చీటీ మారుతుంటుంది గానీ బాధ తగ్గదు.

ఇది పేదల సమస్య, మనకేం సంబంధం అనుకోవద్దు. మీ ఇంట్లో గిన్నెలు తోమే ఆమె, అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌, ఊళ్లో ఒంటరిగా ఉంటున్న మీ పెద్దమ్మ, హైదరాబాద్‌లో గది తీసుకుని పోటీ పరీక్షలకు చదువుతున్న మీ తమ్ముడు.. వీరిలో ఎవరైనా దీనితో బాధపడుతుండొచ్చు. ఉద్యోగం పోయిన నెలల్లో అది మన ఇంటి తలుపూ తట్టొచ్చు. కాబట్టి ఈ బెంగ మనసును ఎలా దెబ్బతీస్తుంది, ఎలా గుర్తుపట్టాలి, ఎలా ఆదుకోవాలి అన్నది తెలుసుకుని ఉండటం మంచిది.

ఆకలి వేరు.. అభద్రత వేరు

కడుపు ఖాళీగా ఉండటం ఆకలి. రేపు ఖాళీగా ఉంటుందేమోనని ఇవాళే భయపడటం ఆహార అభద్రత. కడుపు నిండి ఉన్నప్పుడు కూడా ఈ భయం ఉండొచ్చు. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ దీన్ని కొలవటానికి 8 ప్రశ్నలు వాడుతుంది. డబ్బు లేకో, ఇతర వనరులు లేకో గత 12 నెలల్లో మీకిలా జరిగిందా అని అడుగుతారు. అందులో మొట్టమొదటిది ‘తిండి చాలదేమోనని బెంగపడ్డారా?’ అన్నదే. ఆ తర్వాత మంచి పోషకాహారం తినలేకపోవటం, ఒకటి రెండు రకాలతోనే సరిపెట్టుకోవటం, పూట మానెయ్యటం, కావాల్సిన దానికన్నా తక్కువ తినటం, ఇంట్లో సరుకులు నిండుకోవటం, ఆకలేసినా తినకపోవటం, రోజంతా పస్తుండటం వరుసగా వస్తాయి. అంటే పస్తు చివరి మెట్టు. బెంగ తొలి మెట్టు.

మన వంటింట్లో ఈ మెట్లు ఎలా ఉంటాయో చూడండి. ముందు పప్పు పలచబడుతుంది. కూరల్లో రకాలు తగ్గుతాయి. గుడ్డు వారానికోసారి అవుతుంది. పాల ప్యాకెట్‌ అర లీటరు నుంచి పావు లీటరుకు దిగుతుంది. మజ్జిగలో నీళ్లు పెరుగుతాయి. కిరాణా కొట్టులో బాకీ పెరిగి, ఆ కొట్టు ముందు నుంచి నడవటం మానేస్తారు. ఆపైన ఇంటావిడ రాత్రిపూట ‘నాకు ఆకలిగా లేదు, మీరు తినండి’ అనటం మొదలుపెడుతుంది. బయటి వారికి ఇవేవీ కనిపించవు. రోజూ పొయ్యి వెలుగుతూనే ఉంటుంది. కానీ ఆ పొయ్యి ముందు నిలబడిన మనిషి మనసులో లెక్కలు ఆగవు.

149 దేశాల సమాచారాన్ని విశ్లేషించి 2017లో వెలువరించిన ఒక అధ్యయనంలో- ఆహార అభద్రత పెరుగుతున్న కొద్దీ మానసిక ఆరోగ్యం దిగజారుతున్నట్టు తేలింది. ఆదాయం వంటి అంశాలను లెక్కలోకి తీసుకున్నాక కూడా ఈ సంబంధం కనిపించింది. ఇలాంటి సర్వేలు ఏది కారణం, ఏది ఫలితమన్నది పూర్తిగా తేల్చలేవు. నిజానికి ఇది రెండు వైపులా తిరిగే చక్రం. బెంగతో కుంగిపోయిన మనిషి పనికి సరిగా వెళ్లలేడు. పని తగ్గితే కూలి తగ్గుతుంది. కూలి తగ్గితే తిండి తగ్గుతుంది. బెంగ ఇంకాస్త పెరుగుతుంది.

ఒంట్లో ఏం జరుగుతుంది?

మన శరీర బరువులో మెదడు వాటా 2 శాతమే. కానీ ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో దాదాపు 20 శాతాన్ని అదే వాడుకుంటుంది. దీని ప్రధాన ఇంధనం గ్లూకోజు. భోజనం వేళ బాగా దాటిపోతే శరీరం అడ్రినలిన్‌, కార్టిసాల్‌ వంటి హార్మోన్లను విడుదల చేసి నిల్వల్లోంచి గ్లూకోజును బయటకు తీస్తుంది. అప్పుడప్పుడు జరిగితే ఇది మనల్ని కాపాడే ఏర్పాటే. అయితే ఈ హార్మోన్లు ఆకలికే కాదు, భయానికీ స్పందిస్తాయి. పూట గడవదనే భయం రోజూ ఉంటే శరీరం ఎప్పుడూ ఏదో ముప్పు ముంచుకొస్తున్నట్టే ఉంటుంది. గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి, చెమట పడుతుంది, చిన్న మాటకే కోపమొస్తుంది. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టదు.

మరి ఏకాదశి ఉపవాసం, రంజాన్‌ ఉపవాసం ఉన్నవారికి ఇలా కాదేం? ఈ సందేహం చాలామందికి వస్తుంది. ఉపవాసం మన ఇష్టంతో చేసేది. అది ఎప్పుడు ముగుస్తుందో తెలుసు. ముగిశాక ఏం తింటామో కూడా తెలుసు. పస్తులో ఈ మూడూ ఉండవు. మనసును తినేసేది ఈ అనిశ్చితే.

రెండోది పోషకాల లోటు. మనసును ఉల్లాసంగా ఉంచే సెరటోనిన్‌ తయారీకి ట్రిప్టోఫాన్‌ అనే అమైనో ఆమ్లం కావాలి. ఇది మాంసకృత్తుల నుంచి వస్తుంది. డోపమైన్‌ తయారీకి ఐరన్‌ తోడ్పాటు అవసరం. విటమిన్‌ బి12 లోపిస్తే మతిమరుపు, చిరాకు, కుంగుబాటు, అరికాళ్లలో తిమ్మిర్లు తలెత్తొచ్చు. బి12 సహజంగా దొరికేది పాలు, గుడ్లు, చేపలు, మాంసంలోనే. డబ్బులు తగ్గినప్పుడు ఇంట్లో ముందుగా కోత పడేదీ వీటికే. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే సగానికి పైగా మహిళలు ఇప్పటికే నీరసంతో నెట్టుకొస్తున్నారు. దానికి తిండి బెంగ తోడైతే ఏది రక్తహీనత వల్ల వచ్చిన అలసటో, ఏది కుంగుబాటు వల్ల వచ్చిన అలసటో చెప్పటం కష్టమైపోతుంది.

మూడోది సిగ్గు. దీని గురించి ఎవరూ పెదవి విప్పరు. ఇంటికి ఎవరైనా వస్తే టీ ఇవ్వటానికి పాలు లేవని భయం. అందుకే చుట్టాలతో మాటలు తగ్గిస్తారు. పేరంటాలకు వెళ్లరు. ఫోన్‌ ఎత్తరు. మనుషులు దూరమైన కొద్దీ కుంగుబాటు బలపడుతుంది. ఆదుకునే వారే దూరమైపోతారు.

రేషన్‌ బియ్యం ఉంటే చాలదా?

ఆహార భద్రత చట్టం 2013 కింద కార్డులో పేరున్న ఒక్కొక్కరికి నెలకు 5 కిలోల ధాన్యం అందుతుంది. అంత్యోదయ కార్డుంటే కుటుంబానికి 35 కిలోలు. 2023 జనవరి నుంచి ఇది ఉచితం. తెలంగాణలో మనిషికి 6 కిలోల చొప్పున సన్నబియ్యం ఇస్తున్నారు. ఈ ఏర్పాటు లేకపోతే ఎన్నో ఇళ్లు పస్తుండేవి. అందులో సందేహం లేదు.

అయితే ఒక చిన్న లెక్క వేయండి. 5 కిలోలను 30 రోజులకు పంచితే రోజుకు సుమారు 166 గ్రాములు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2,000 కేలరీల ఆహారానికి సూచించిన నమూనా పళ్లెంలో ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు ఉంటాయి. నూనె, గింజలు వీటికి అదనం. శారీరక శ్రమ చేసేవారికి ఇంకాస్త ఎక్కువే కావాలి. అంటే ఉచిత బియ్యం పళ్లెంలో ఒక మూలనే నింపుతాయి. మిగతా పళ్లెమంతా చేతిలో డబ్బు మీదే ఆధారపడి ఉంటుంది. అన్నం, పచ్చడి మెతుకులతో కడుపు నింపుకొన్నా మెదడుకు కావాల్సినవి అందవు.

ఒళ్లు చూసి కూడా అంచనా వేయొద్దు. బియ్యం, మైదా, చక్కెర, చవక నూనె బరువు పెంచుతాయి. లావుగా కనిపించే మనిషికీ మాంసకృత్తుల లోటు, తిండి బెంగ రెండూ ఉండొచ్చు.

ఆరోగ్యవంతులనూ మార్చేసిన ఆకలి

తక్కువ తిండి మనసును ఏం చేస్తుందన్న దానిపై వైద్యశాస్త్రంలో ప్రసిద్ధమైన ప్రయోగం ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్‌ కీస్‌ బృందం దీన్ని చేపట్టింది. యుద్ధంలో పాల్గొనటానికి నిరాకరించిన 36 మంది యువకులు స్వచ్ఛందంగా ముందుకొచ్చారు. శరీరం, మనసు రెండూ దృఢంగా ఉన్నవారినే ఎంచుకున్నారు. 24 వారాల పాటు వారికి బాగా తగ్గించిన ఆహారం ఇచ్చారు. వారి బరువు నాలుగో వంతు వరకూ తగ్గింది. దానికన్నా ఎక్కువగా మారింది వారి స్వభావం. నవ్వటం తగ్గింది. ఒకరితో ఒకరు కలవటం మానేశారు. చిన్న విషయాలకే చిరాకు. ఎప్పుడూ తిండి ధ్యాసే. కొందరు వంటల పుస్తకాలు సేకరించి గంటల కొద్దీ చదివేవారు. కొందరిలో కుంగుబాటు తీవ్రమైంది. మళ్లీ ఆహారం పెంచాక కూడా మామూలు మనుషులు కావటానికి నెలలు పట్టింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ యువకులకు ప్రయోగం ఏ రోజున ముగుస్తుందో ముందే తెలుసు. వారి మీద ఆధారపడిన భార్యాపిల్లలు ఆ భవనంలో లేరు. అద్దె బాకీ లేదు. అయినా అంతగా మారిపోయారు. ఇవన్నీ నెత్తిన ఉన్న మనిషి పరిస్థితి ఏంటో మనమే ఊహించుకోవచ్చు. ఎప్పుడూ విసుక్కుంటూ ఉండే మనిషిని ‘స్వభావమే అంత’ అని కొట్టిపారేసే ముందు ఈ ప్రయోగాన్ని గుర్తుచేసుకోవాలి.

తమిళనాడు చెరకు రైతుల మీద చేసిన అధ్యయనమూ చెప్పుకోదగిందే. 2013లో ‘సైన్స్‌’ పత్రికలో వెలువడింది. చెరకు రైతులకు డబ్బు ఏడాదికోసారి, పంట అమ్మాకే చేతికొస్తుంది. కోతకు ముందు చేతులు ఖాళీ. కోత తర్వాత కాస్త ఊపిరి. అదే రైతుకు ఈ రెండు సమయాల్లోనూ ఆలోచనా శక్తి పరీక్షలు పెట్టారు. డబ్బుకు కటకటగా ఉన్నప్పుడు తప్పులు ఎక్కువ చేశారు. మనిషి అదే, తెలివీ అదే. ఇబ్బంది గురించిన ఆలోచనలే బుర్రంతా ఆక్రమించేశాయని పరిశోధకులు వివరించారు. ‘చెప్పిన పని మర్చిపోతుంది’, ‘ఇచ్చిన మందు సరిగా వేసుకోడు’ అని మనం విసుక్కునేవారి వెనక ఇలాంటిదేదో ఉండొచ్చు.

ఓపీలో ఇది ఎలా కనిపిస్తుంది?

తిండి బెంగ అని చెప్పుకొంటూ ఆసుపత్రికి ఎవరూ రారు. మాకు వినిపించే మాటలు వేరు. ‘గుండె పట్టేసినట్టుంది సార్‌’, ‘గ్యాస్‌ తన్నుతోంది’, ‘ఒళ్లంతా మంటలు’, ‘నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి’, ‘బలానికి ఒక సెలైన్‌ పెట్టండి’. ఈసీజీ, థైరాయిడ్‌ పరీక్షలు మామూలుగా ఉన్నా ఇలాంటి బాధలు కొనసాగుతుంటే ఏం తింటున్నారు, ఎన్ని పూటలు తింటున్నారని అడగాల్సిందే. సెలైన్‌ సీసాలోని గ్లూకోజు ఒక భోజనంలో అందే శక్తికి ఏమాత్రం సాటి రాదు. సీసాకు పెట్టే డబ్బుతో గుడ్లు, పప్పు కొనుక్కోవటం ఎంతో మేలు.

ఆకలిని చంపుకోవటానికి కొందరు టీ మీద టీ తాగుతారు. ఇంకొందరు బీడీ, గుట్కా, ఖైనీ పట్టుకుంటారు. పూట గడుస్తుంది. కానీ కడుపులో మంట, దడ, నిద్రలేమి ఎక్కువవుతాయి. బెంగ మర్చిపోవటానికి మద్యం మొదలుపెట్టే మగవారున్న ఇంట్లో తిండికుండే కాస్త డబ్బూ పోతుంది.

షుగర్‌ ఉన్నవారి విషయంలో మరీ జాగ్రత్త అవసరం. గ్లిమిపిరైడ్‌, గ్లిబెన్‌క్లమైడ్‌ వంటి మాత్రలు, ఇన్సులిన్‌ తీసుకుంటూ పూట మానేస్తే రక్తంలో గ్లూకోజు ప్రమాదకరంగా పడిపోవచ్చు. 70 కన్నా తగ్గితే వణుకు, చెమట, దడ, భయం పుడతాయి. ఇంకా తగ్గితే తికమక, వింత ప్రవర్తన, స్పృహ తప్పటం. దీన్ని ‘భయపడ్డాడు’, ‘మతి చలించింది’, ‘తాగొచ్చాడు’ అని పొరపడే ప్రమాదముంది. స్పృహలో ఉంటే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంట తర్వాత మళ్లీ చూసుకోవాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కు ఫోన్‌ చేయాలి. పూటలు తప్పుతున్నాయని డాక్టరుకు చెబితే మందును దానికి తగ్గట్టు మార్చగలరు. దాచిపెడితే ప్రాణం మీదికి వస్తుంది.

ముప్పు ఎవరికి ఎక్కువ?

మహిళలకు: మన ఇళ్లలో అందరూ తిన్నాక మిగిలింది తినటం ఆడవారికి అలవాటు. లోటు వచ్చినప్పుడు మొదట మాయమయ్యేది ఆ మిగిలిందే. పిల్లలకు పెట్టలేకపోతున్నానన్న అపరాధ భావం దానికి తోడవుతుంది. గర్భిణులకైతే మరీ జాగ్రత్త అవసరం. 1944-45 శీతాకాలంలో నెదర్లాండ్స్‌లో యుద్ధం వల్ల కరవు వచ్చింది. గర్భం తొలినాళ్లలో ఆ కరవు బారినపడ్డ తల్లుల బిడ్డలకు పెద్దయ్యాక స్కిజోఫ్రీనియా ముప్పు దాదాపు రెట్టింపు ఉన్నట్టు తర్వాతి పరిశోధనల్లో బయటపడింది.

పిల్లలకు: ఇంట్లో కటకటను పిల్లలు మనం అనుకున్న దానికన్నా ముందే పసిగడతారు. అడగటం మానేస్తారు. కొందరు మౌనంగా ఉండిపోతారు. కొందరు బళ్లో కొట్లాటలకు దిగుతారు. బడి భోజనమే రోజులో మంచి భోజనమైన పిల్లలకు సెలవులు గడ్డుకాలం.

పెద్దవారికి: పింఛను డబ్బు మందులకా, కూరలకా అన్నది చాలామందికి నెలనెలా ఎదురయ్యే చిక్కు. ఒంటరిగా ఉండేవారు ‘ఒక్కదానికి ఏం వండుకుంటాంలే’ అని మజ్జిగన్నంతో సరిపెడతారు. మతిమరుపు వస్తే వయసు వల్లే అనుకుంటాం. అది బి12 లోపం కావొచ్చు, కుంగుబాటూ కావొచ్చు. ఈ రెండూ చికిత్సతో బాగయ్యేవే.

గదుల్లో ఉండే విద్యార్థులకు: హైదరాబాద్‌ అశోక్‌నగర్‌ వంటి చోట్ల ఉద్యోగ నోటిఫికేషన్ల కోసం ఏళ్ల తరబడి చదివేవారున్నారు. ఇంటి నుంచి ఇంకా డబ్బు అడగలేక ఉదయం టిఫిన్‌ మానేసి, మధ్యాహ్నం దాకా టీతో లాగే వారు వీరిలో ఉంటారు. చదివింది గుర్తుండటం లేదని బాధపడతారు. తిండి మాట ఇంట్లో చెప్పరు.

ఆదాయం ఉన్నట్టుండి ఆగిపోయిన మధ్యతరగతికి: కొవిడ్‌ కాలంలో బళ్లు మూతపడి ప్రైవేటు పాఠశాలల ఉపాధ్యాయుల జీతాలు ఆగిపోయాయి. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వారికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించాల్సి వచ్చింది. పాఠాలు చెప్పే చేత్తో బియ్యం సంచి అందుకోవటం వారిలో ఎందరికో జీవితంలో మొదటిసారి. ఇస్త్రీ చొక్కా చూసి ఇంట్లో బియ్యం డబ్బా నిండుగా ఉందనుకోకూడదని ఆ ఏడాది మనకు నేర్పింది.

‘తిన్నారా?’ అంటే చాలదు

తెలుగువారు కలిస్తే మొదటి పలకరింపు ‘అన్నం తిన్నావా?’. దానికి జవాబు కూడా అంతే అలవాటుగా వచ్చేస్తుంది.. ‘ఆఁ, తిన్నా’. నమస్కారానికి ప్రతి నమస్కారం లాంటిది. దానితో నిజం తెలియదు. కాస్త ప్రశ్న మార్చి చూడండి. ‘పొద్దున ఏం తిన్నావు? నిన్న రాత్రి ఏం వండావు?’ అని అడగండి. జవాబు తడబడితే అక్కడే ఆగి నెమ్మదిగా మాట్లాడండి. ‘ఈ మధ్య సరుకులు నెలాఖరు దాకా రావటం లేదని చాలామంది అంటున్నారు, మీకూ అలాగే ఉందా?’ అంటే అవతలివారికి సిగ్గు తగ్గుతుంది. నలుగురి ముందు, పిల్లల ముందు అడగొద్దు. ఊళ్లో ఉన్న పెద్దమ్మనో, మేనత్తనో ఫోన్‌లో అడిగేటప్పుడు ఏం కూర వండారో, పాలు ఎవరు పోస్తున్నారో, కొట్టుకు ఎవరు వెళ్లొస్తున్నారో అడగండి. పండక్కి వెళ్లినప్పుడు ఫ్రిజ్‌, పప్పుల డబ్బాలు ఓసారి చూడండి. వారు చెప్పని సంగతులు అక్కడ కనిపిస్తాయి.

రెండు వారాలకు మించి దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవటం, నిద్ర పట్టకపోవటం, తనవల్ల ఎవరికీ ఉపయోగం లేదన్న మాటలు ఉంటే కుంగుబాటుగా అనుమానించాలి. ‘నేనుండి ఏం లాభం’, ‘నా వాటా తిండైనా మీకు మిగులుతుంది’ వంటి మాటలను తేలికగా తీసుకోవద్దు. ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలి.

భోజనమా? మందులా?

రెండూ కావాలి. కుంగుబాటు తీవ్రమయ్యాక తిండి దొరికినంత మాత్రాన అది దానంతటదే పోకపోవచ్చు. కౌన్సెలింగ్‌, అవసరమైతే మందులు వాడాల్సి ఉంటుంది. అలాగే ఇంట్లో తిండికి దిక్కులేనప్పుడు ‘ఆలోచనలు తగ్గించుకోండి’ అని సలహా ఇచ్చినా, మాత్రలు రాసిచ్చినా పూర్తి ఫలితం దక్కదు.

ఇంకో చిక్కుంది. ఓలాంజపిన్‌ వంటి కొన్ని మానసిక వ్యాధుల మందులతో ఆకలి బాగా పెరుగుతుంది. తిండికి కటకటగా ఉన్న ఇంట్లో అది మోయలేని భారం. దాంతో చెప్పకుండా మందు ఆపేస్తారు, జబ్బు తిరగబెడుతుంది. కొన్ని మందులు ఖాళీ కడుపుతో వేసుకుంటే వికారం పుడుతుంది. ఇలాంటివి ఎదురైతే మందు మీరే ఆపకండి. ఉన్నది ఉన్నట్టు డాక్టరుకు చెప్పండి. వేరే మందు, వేరే వేళ ఎంచుకునే వీలుంటుంది.

చాలా రోజులు పస్తున్న మనిషికి ఒక్కసారిగా విస్తరి నిండా పెట్టటమూ ప్రమాదమే. ఒంట్లో ఫాస్ఫేటు, పొటాషియం వంటివి హఠాత్తుగా పడిపోయి గుండె లయ తప్పొచ్చు. ముందు డాక్టరుకు చూపించి కొద్దికొద్దిగా మొదలుపెట్టాలి.

మీరు చేయగలిగేది ఇదీ

పుట్టినరోజుకో, పెద్దల సంవత్సరీకానికో అన్నదానం చేసే కుటుంబాలు మనలో ఎన్నో. మంచి పనే. కాకపోతే అది ఆ పూట ఆకలి తీరుస్తుంది. బెంగను తీర్చేది మాత్రం రేపు కూడా వస్తుందన్న నమ్మకమే. ఏడాదికోసారి వంద మందికి పెట్టే ఖర్చుతో ఒక్క ఇంటికి నెలనెలా ఫలానా తేదీన 2 కిలోల కందిపప్పు, 30 గుడ్లు, ఒక నూనె ప్యాకెట్‌ అందేలా చూస్తే ఆ ఇల్లాలి నిద్రలో తేడా వస్తుంది. తేదీ తప్పకపోవటం ముఖ్యం.

ఇంట్లో పనిచేసేవారికి జీతం ఒకటో తేదీనే ఇవ్వండి. వారం ఆలస్యమైతే మనకది మతిమరుపు. వారికది ఏడు రోజుల అప్పు. మనం ఊరెళ్లినా, వారికి జ్వరమొచ్చినా ఆ రోజుల జీతం కోయకండి. నిన్నటి మిగులు కాకుండా మనం తినే టిఫినే, మనం తినే వేళకే పెట్టండి. మాటలో జాలి కన్నా మామూలుతనం ఉంటే తీసుకునేవారికి తేలిక.

ఇంట్లో అందరూ కలిసి కూర్చుని తినండి. ఏమున్నా సమానంగా పంచుకోండి. అత్తగారు, కోడలు చివర్లో గిన్నె అడుగున మిగిలింది తినే అలవాటుకు స్వస్తి చెప్పండి. ఆదాయం ఆగిన నెలల్లో భార్యాభర్తలు లెక్కలు దాచుకోకుండా కలిసి చూసుకుంటే ఒక్కరే కుమిలిపోయే పరిస్థితి ఉండదు. డబ్బు తక్కువైనా గుడ్లు, పప్పులు, వేరుశనగలు, మునగాకు, తోటకూర, రాగులకు మొదటి స్థానం ఇవ్వండి. కోత పెట్టాల్సి వస్తే బిస్కెట్లు, శీతల పానీయాలు, చిరుతిళ్ల ప్యాకెట్లకు పెట్టండి.

సాయం ఎక్కడ దొరుకుతుంది?

• రేషన్‌: కార్డులో పేరు లేకపోయినా, వేలిముద్ర పడక తిప్పి పంపుతున్నా 1967కు ఫోన్‌ చేసి ఫిర్యాదు చేయొచ్చు. ‘ఒకే దేశం-ఒకే రేషన్‌ కార్డు’ కింద వలస వెళ్లిన ఊళ్లోనూ సరుకులు తీసుకోవచ్చు.

• 5 రూపాయల భోజనం: ఆంధ్రప్రదేశ్‌లో అన్న క్యాంటీన్లు, హైదరాబాద్‌లో ఇందిరమ్మ క్యాంటీన్లు ఉన్నాయి. విద్యార్థులు, చిరుద్యోగులు, ఆసుపత్రికి వచ్చిన రోగుల బంధువులు ఎవరైనా వెళ్లొచ్చు. ఇందులో చిన్నతనమేమీ లేదు.

• అంగన్‌వాడీ, బడి భోజనం: గర్భిణులు, బాలింతలు, ఆరేళ్ల లోపు పిల్లలకు అంగన్‌వాడీలో పోషకాహారం అందుతుంది. వెంటనే పేరు నమోదు చేయించుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో బడి భోజన పథకానికి, కోనసీమలో ఏ వేళ వచ్చినవారికైనా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. మీ బిడ్డ బళ్లో తింటే దాన్ని తక్కువగా చూడకండి.

• క్షయ రోగులు: చికిత్స కాలంలో నిక్షయ్‌ పోషణ్‌ యోజన కింద నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి. ఖాతా వివరాలు ఇచ్చారో లేదో చూసుకోండి.

• మనసు బాధకు: టెలి-మానస్‌ 14416. రోజంతా పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. ఒంటరి వృద్ధులకు ఎల్డర్‌లైన్‌ 14567, పిల్లల కోసం 1098. ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఓపీ ఉంటుంది.

డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు వాడుతున్న మందులు, పాత రిపోర్టులతో పాటు ఇంకో సంగతి కూడా చెప్పండి. రోజుకు ఎన్ని పూటలు తింటున్నారు? నెలలో ఎన్ని రోజులు సరుకులకు ఇబ్బందవుతోంది? బీపీ, షుగర్‌ అంకెలు చెప్పినంత మామూలుగా ఈ మాటా చెప్పండి. చాలాసార్లు సరైన చికిత్స ఇక్కడి నుంచే మొదలవుతుంది.